బడి పిల్లలకు ఇంజనీరింగ్ రుచి చూపించాలంటే: గంటన్నర సెషన్‌ని మొదటి నుంచి చివరిదాకా నడిపే పద్ధతి

మీరు పనిచేస్తున్న ఇంజనీరు కావచ్చు, ఇంజనీరింగ్ చదువుతున్నవాళ్ళు కావచ్చు, బళ్ళో సైన్స్ చెప్పే టీచర్ కావచ్చు. పది పన్నెండేళ్ళ పిల్లలతో ఇంజనీరింగ్ గురించి ఏదైనా చేయించమని అడిగారు, గంటన్నర టైమ్ ఇచ్చారు. ఇక్కడ చాలామంది వెంటనే స్లైడ్లు తయారు చేయడం మొదలుపెడతారు: ఎన్ని బ్రాంచీలున్నాయి, ఏ బ్రాంచిలో ఏం చదవాలి, ఆ తర్వాత ఏ ఉద్యోగాలొస్తాయి. దయచేసి ఆ దారిలో వెళ్ళకండి. ఉద్యోగాల గురించి విని బుద్ధిగా తలూపే పిల్లలు మీరు గది దాటేసరికి మొత్తం మర్చిపోతారు.

ఆ గంటన్నరలో జరగాల్సింది ఇది: పిల్లలు తమ చేతులతో ఏదో ఒకటి కట్టాలి, అది కూలాలి, ఎందుకు కూలిందో వాళ్ళే పట్టుకోవాలి, మళ్ళీ కట్టాలి, ఈసారి ముందుకంటే గట్టిగా నిలబడటం కళ్ళారా చూడాలి. మొదటిసారి కట్టడం క్రాఫ్ట్ క్లాసులో కూడా ఉంటుంది. కూలినదాన్ని తిప్పి చూసి, కారణం వెతికి, డిజైన్ మార్చడం మాత్రం ఇంజనీరు రోజూ చేసే పని. అందుకే మీ ప్లాన్‌లో ఇంకేం తగ్గినా పర్లేదు కానీ రెండో ప్రయత్నానికి టైమ్ తగ్గకూడదు. నేను కింద చెప్పేదంతా ఆ రెండో ప్రయత్నానికిచ్చే ఇరవై నిమిషాలను కాపాడుకోవడం కోసమే.

ముందు టీచర్‌తో మాట్లాడండి

మెసేజ్‌తో సరిపెట్టకుండా ఫోన్ చేసి మాట్లాడండి, వీలైతే వెళ్ళి గది కూడా చూసి రండి. పిల్లలు ఎంతమంది, ఏ వయసు, బల్లలు జరపడానికి వీలవుతుందా లేక నేలకు బిగించి ఉన్నాయా, సైన్స్‌లో ఈమధ్య ఏ పాఠం అయింది, ఇవన్నీ అడగండి. చూపు సరిగా లేని పిల్లలు, చేతులతో పనిచేయడం కష్టమైన పిల్లలు ఉన్నారేమో తప్పకుండా కనుక్కోండి. ముందే తెలిస్తే వాళ్ళకు పనికొచ్చే ఏర్పాటు చేయొచ్చు. అక్కడికెళ్ళాక తెలిస్తే ఆ పిల్ల పక్కన కూర్చుని చూస్తూ ఉండిపోతుంది, అది మీరు ఊహించినదానికంటే ఎక్కువ బాధపెడుతుంది.

ఒక్క పీరియడే ఇస్తామంటే వరసగా రెండు పీరియడ్లు అడగండి. కుదరదంటే వారం తేడాతో రెండు రోజులు అడగండి, మొదటి రోజు కట్టి కూల్చడం, రెండో రోజు మళ్ళీ కట్టడం. అదీ కుదరకపోతే మీరు మాట్లాడే టైమ్ కోసేయండి, పిల్లల టైమ్ ముట్టుకోవద్దు.

టీముల్ని టీచర్నే వేయమనండి, ఒక్కో టీములో ముగ్గురు. నలుగురైతే ఒకరు కచ్చితంగా ఖాళీగా ఉంటారు, ఇద్దరైతే ఒకరి మాటే చెల్లుతుంది. ఎవరు ఎవరితో కలిస్తే పని సాగుతుందో, ఎవరి పక్కన ఎవరు నోరు విప్పరో టీచర్‌కి తెలుసు, మీకు తెలియదు.

ఏం చేయించాలి

పని ఎంచుకునేటప్పుడు నేను చూసేవి కొన్నున్నాయి. అది విఫలమైతే ఆ వైఫల్యం అందరికీ కంటికి కనిపించాలి. ఎంత బాగా పనిచేసిందో అంకెల్లో కొలవగలగాలి. పదిహేను ఇరవై నిమిషాల్లో ఇంకోసారి చేసేంత చిన్నదై ఉండాలి. అన్నింటికంటే ముఖ్యంగా, సరైన జవాబు ఒక్కటే ఉండకూడదు.

ఈ లెక్కన మొదటి సెషన్‌కి రోబో కిట్లు నేను వద్దంటాను. చూడ్డానికి బాగుంటాయి, ఫోటోల్లో ఇంకా బాగుంటాయి, కానీ పుస్తకంలో ఇచ్చిన వరసలో ముక్కలు బిగిస్తే అందరిదీ ఒకేలా నడుస్తుంది, నడవకపోతే ఎందుకు నడవలేదో పిల్లలకు కనిపించదు. కిట్ల వంతు తర్వాత వస్తుంది, సొంతంగా ఆలోచించడం అలవాటయ్యాక.

చిన్న బల్బు వెలిగించే పని మంచిదే. ఎరుపు ఎల్‌ఈడీకి సుమారు 2 వోల్టులు చాలు, నాణెంలా ఉండే సీఆర్ 2032 సెల్ 3 వోల్టులిస్తుంది, పొడుగు కాలు ప్లస్ వైపు పెట్టాలి, తిరగేసి పెడితే వెలగదు. అదే ఎల్‌ఈడీని నేరుగా 9 వోల్టుల బ్యాటరీకి తగిలిస్తే మాడిపోతుంది. అయితే ఒక మాట చాలా గట్టిగా చెప్పాలి: నాణెం సెల్‌ని చిన్నపిల్లలు మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక లోపల కాలి తీవ్రమైన గాయం కావచ్చు. కాబట్టి చిన్న క్లాసుల్లో ఇది వద్దు. పెద్ద క్లాసుల్లో అయితే సెల్స్ లెక్కపెట్టి ఇచ్చి లెక్కపెట్టి వెనక్కి తీసుకోండి, ఒక్కటి తగ్గినా దొరికేదాకా ఎవరినీ బయటికి పంపొద్దు.

నా ఓటు మాత్రం కాగితం వంతెనకే. సామాను ఎక్కడైనా దొరుకుతుంది, ప్రమాదం లేదు, కూలితే నవ్వొస్తుంది, లోపల దాగున్న సైన్స్ మాత్రం నిజమైన వంతెనలో ఉన్నదే. మిగతా వ్యాసం దాని చుట్టూనే చెప్తాను, మీరు వేరే పని ఎంచుకున్నా వరస ఇదే.

ముందు మీరు కట్టి చూడండి

రెండు పుస్తకాల దొంతరలు ఒకే ఎత్తులో పెట్టండి, మధ్య 20 సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. ఒక ఏ4 కాగితం, ఒక అర మీటరు టేపు, కత్తెర. ఆ ఒక్క కాగితంతో వంతెన కట్టాలి, దొంతరలకు అతికించకూడదు, బరువు మధ్యలోనే పెట్టాలి. బరువుకి ఒకే రకం నాణేలు గానీ ఇనుప వాషర్లు గానీ పెట్టుకోండి, ఒక్కోదాని బరువు ముందే తూచి బోర్డు మీద రాయండి. ఏ4 కాగితం వైశాల్యం చదరపు మీటరులో పదహారో వంతు, కాబట్టి 80 జీఎస్ఎమ్ (అంటే చదరపు మీటరుకి 80 గ్రాములు తూగే) కాగితం బరువు దాదాపు 5 గ్రాములు. ఈ అంకె గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

పడుకోబెట్టిన కాగితం తన బరువుకే కుంగుతుంది, నాణెం పెడితే జారి కింద పడుతుంది. అదే కాగితాన్ని విసనకర్రలా ముందుకీ వెనక్కీ రెండేసి సెంటీమీటర్ల మడతలు పెట్టి, మడతల గీతలు ఒక దొంతర నుంచి ఇంకో దొంతరకు వెళ్ళేలా ఉంచితే వంద గ్రాములు తేలిగ్గా మోస్తుంది, అంటే తన బరువుకి ఇరవై రెట్లు. ఇంకా బరువు పెంచుతూ పోతే అది ఎలా కూలుతుందో వంగి పక్క నుంచి చూడండి. కాగితం చిరగదు. నాణేల కింద మడతలు మెల్లగా పక్కలకు విచ్చుకుంటాయి, ఎత్తు తగ్గుతుంది, ఎత్తు తగ్గగానే బలం పోతుంది, అంతే, ఒక్కసారిగా చతికిలబడుతుంది. ఇది మీ కళ్ళతో మీరు చూసి ఉంటేనే రేపు పిల్లల పక్కన కూర్చుని సరైన ప్రశ్న అడగగలుగుతారు.

దీని వెనకున్న లెక్క మీకు తెలిసే ఉంటుంది: దూలం వంగకుండా నిలబడే శక్తి వెడల్పుని బట్టి మామూలుగా పెరిగితే, లోతుని (అంటే నిలువు ఎత్తుని) బట్టి దాని ఘనంతో పెరుగుతుంది. లోతు రెట్టింపైతే ఎనిమిది రెట్లు. దీన్ని పిల్లలకు సూత్రంగా చెప్పొద్దు. ఒక ప్లాస్టిక్ స్కేలు ఇవ్వండి. అడ్డంగా పట్టుకుని వంచమనండి, సులువుగా వంగుతుంది. నిలువుగా, అంచు మీద నిలబెట్టి వంచమనండి. స్కేలు వెడల్పు 30 మిల్లీమీటర్లు, మందం 3 మిల్లీమీటర్లు అనుకుంటే, నిలబెట్టినప్పుడు అది వంద రెట్లు గట్టిగా ఉంటుంది. వస్తువు అదే, ప్లాస్టిక్ అదే, పట్టుకున్న తీరు ఒక్కటే మారింది. పిల్లల ముఖంలో వచ్చే మార్పు చూడాలంటే ఈ స్కేలు చాలు.

గంటన్నర ఎలా పంచుకోవాలి

మొదటి పది నిమిషాలు మీవి. మీ పేరు, మీరు ఏం పని చేస్తారో రెండు వాక్యాల్లో, ఆ తర్వాత ఈరోజు సమస్య. నియమాలు బోర్డు మీద రాయండి. స్కేలు ఇప్పుడే చూపించకండి. ఆ తర్వాత ఇరవై నిమిషాలు కట్టడం, పది నిమిషాలు పరీక్ష, పది నిమిషాలు కారణాలు మాట్లాడుకోవడం, ఇరవై నిమిషాలు రెండోసారి కట్టడం, పది నిమిషాలు మళ్ళీ పరీక్ష. చివరి పది నిమిషాలు కథకీ ప్రశ్నలకీ. మొదటి రౌండ్‌లో "ఇంకో రెండు నిమిషాలు ప్లీజ్" అని బతిమాలతారు, ఇవ్వొద్దు, ఆ నిమిషాలు పోయేది రెండో రౌండ్ నుంచే. పూర్తికాని వంతెనని కూడా పరీక్ష పెట్టేయండి.

పరీక్ష మాత్రం అందరి ముందూ, ఒకదాని తర్వాత ఒకటిగా చేయండి. నాణేలు ఆ టీము పిల్లలే పెట్టాలి, మిగతావాళ్ళు గట్టిగా లెక్కపెట్టాలి. కూలగానే గదిలో అరుపులు మామూలే, అరవనివ్వండి. తర్వాత ఆ వంతెనని అలాగే చేతిలోకి తీసుకుని టీముని అడగండి: "ముందు ఎక్కడ కదిలింది?" అడగాల్సింది ఇదే ప్రశ్న. "ఎందుకు కూలింది" అనడిగితే ఊహించి చెప్తారు, లేదా తలదించుకుంటారు. "ఎక్కడ కదిలింది" అంటే చూసినదాన్ని గుర్తు తెచ్చుకుని చెప్తారు, "ఈ చివర జారింది", "మధ్యలో మడత తెరుచుకుంది". ఒక్కో టీము చెప్పింది బోర్డు మీద వాళ్ళ మాటల్లోనే రాయండి, పక్కన ఎన్ని గ్రాములో రాయండి, దాన్ని 5 తో భాగించి వంతెన తన బరువుకి ఎన్ని రెట్లు మోసిందో పిల్లల చేతనే లెక్క కట్టించండి. గ్రాములు చెప్తే ఊరికే వింటారు, "మాది నలభై రెట్లు" అని మాత్రం ఇంటికెళ్ళాక కూడా చెప్తారు.

స్కేలు బయటికి తీయాల్సింది ఇప్పుడు, రెండో రౌండ్‌కి ముందు. చేతులు మారుతూ అందరి దగ్గరకీ వెళ్ళాలి. ఏం అర్థమైందో చెప్పమని బలవంతం చేయకండి, రెండోసారి కట్టేటప్పుడు అదే బయటపడుతుంది.

రెండో రౌండ్‌లో మీ చేతులు మీ దగ్గరే ఉంచుకోండి

ఇది మనలాంటివాళ్ళకు నిజంగా కష్టం. ఒక పిల్ల మడతలు అడ్డంగా పెడుతోంది, తిప్పి పెడితే సరిపోతుందని మీకు కనిపిస్తోంది, చెయ్యి లాగుతుంది. ఆగండి. మీరు తిప్పి పెట్టిన క్షణం అది మీ వంతెన అయిపోతుంది, ఎన్ని నాణేలు మోసినా ఆ పిల్లకి అందులో వాటా లేదు. దాని బదులు "ఒక్క నాణెం పెట్టి చూద్దామా" అనండి. పెడుతుంది, కుంగుతుంది, కాసేపు చూసి తనే తిప్పుతుంది.

మడతలు విచ్చుకుపోతున్న టీము దగ్గరికి వెళ్ళి, "ఇవి విడిపోకుండా ఏం పట్టుకోగలదు?" అని అడగండి. కొందరు కింద అడ్డంగా టేపు వేస్తారు, కొందరు కాగితం అంచు నుంచి సన్నని పట్టీలు కత్తిరించి పైన అతికిస్తారు, కొందరు మడతలు మానేసి గొట్టంలా చుట్టేస్తారు. అన్నీ పనిచేస్తాయి. త్రికోణాలు చేసినవాళ్ళని అందరికీ చూపించండి. నాలుగు పట్టీలతో చేసిన చతురస్రాన్ని మూలల్లో నొక్కితే పక్కకు ఒరుగుతుంది, ఒక మూల నుంచి ఎదురు మూలకు ఇంకో పట్టీ వేస్తే ఒరగదు. కరెంటు టవర్లలో, క్రేన్లలో ఆ అడ్డపట్టీలు ఎందుకున్నాయో ఆ రోజు నుంచి వాళ్ళకు తెలుసు.

మెచ్చుకునేటప్పుడు మాట జాగ్రత్త. 1998లో మ్యూలర్, డ్వెక్ అనే ఇద్దరు పరిశోధకులు ఐదో తరగతి వయసు పిల్లలతో చేసిన ప్రయోగాల్లో, "నువ్వు చాలా తెలివైనదానివి" అని మెచ్చుకున్న పిల్లలు ఆ తర్వాత ఎక్కువగా తేలిక పనులే ఎంచుకున్నారు, ఓటమి ఎదురైనప్పుడు త్వరగా డీలాపడ్డారు. కష్టపడినందుకు మెచ్చుకున్న పిల్లలు నిలబడ్డారు. కాబట్టి "అబ్బా, బ్రెయిన్ అంటే నీదే" వద్దు. "మొదటిసారి పక్కలకు జారింది కదా, ఈసారి నువ్వు అంచులు మడిచావు, అందుకే ఆగింది" అనండి. ఏం మార్చారో దాని పేరు పెట్టి చెప్పండి. బహుమతి ఇవ్వాలనుకుంటే ఎక్కువ బరువు మోసిన టీముకి కాకుండా, మొదటి రౌండ్‌కీ రెండో రౌండ్‌కీ ఎక్కువ తేడా చూపించిన టీముకి ఇవ్వండి. మొదటిసారి ఘోరంగా కూలిన టీముకి కూడా అప్పుడు గెలిచే అవకాశం ఉంటుంది.

కత్తెర ఎవరి చేతిలో ఉంది

గది తిరుగుతూ ఇది చూడండి. చాలా టీముల్లో ఒకరు కట్టేస్తుంటారు, ఇంకొకరు సామాను అందిస్తుంటారు, అక్షరాలు బాగున్నాయని ఒకరికి రాసే పని అప్పజెప్తారు. అబ్బాయిలు, అమ్మాయిలు కలిసిన టీములో ఆ రాసే పని చాలాసార్లు అమ్మాయికే పడుతుంది. తిట్టాల్సిన పనిలేదు, నియమం పెడితే చాలు: మొదటి రౌండ్‌లో కత్తెర పట్టినవాళ్ళు రెండో రౌండ్‌లో పట్టకూడదు.

ఇది చిన్న విషయం కాదు. డేవిడ్ చాంబర్స్ అనే పరిశోధకుడు 1983లో ప్రచురించిన అధ్యయనంలో 4,807 మంది పిల్లలను శాస్త్రవేత్త బొమ్మ గీయమంటే, అందులో ఆడవాళ్ళ బొమ్మలు 28. ఆ ఇరవై ఎనిమిదీ అమ్మాయిలు గీసినవే. ఆ తర్వాత పరిస్థితి మారింది, అమెరికాలో దశాబ్దాలుగా జరిగిన ఇలాంటి అధ్యయనాలన్నీ కలిపి 2018లో చూస్తే, 1980ల తర్వాతి బొమ్మల్లో సగటున 28 శాతం ఆడవాళ్ళున్నారు. కానీ పిల్లల వయసు పెరిగేకొద్దీ మగవాళ్ళ బొమ్మలే పెరుగుతున్నాయని కూడా అదే పరిశీలన చెప్పింది. అంటే ఈ నమ్మకం పిల్లలకు పుట్టుకతో రాలేదు, మన మధ్య పెరుగుతూ నేర్చుకుంటున్నారు. వీలైతే మీతో పాటు ఒక మహిళా ఇంజనీరుని తీసుకెళ్ళండి, ఆమెకు హాజరు పట్టీ కాకుండా సెషన్ నడిపే పని ఇవ్వండి.

కథ చివర్లో చెప్పండి

చేతులతో కూల్చాక విన్న కథ వేరేలా దిగుతుంది. వంతెన సెషన్‌కి నేను సిఫారసు చేసేది అమెరికాలోని టకోమా నారోస్ వంతెన. 1940 జులై 1న తెరిచారు, అదే ఏడాది నవంబరు 7న కూలిపోయింది. తుఫాను కాదు, భూకంపం కాదు, గంటకు 70 కిలోమీటర్లు కూడా లేని గాలి. రెండు టవర్ల మధ్య దూరం 853 మీటర్లుంటే, రోడ్డుని గట్టిగా ఉంచాల్సిన దూలాల లోతు 2.4 మీటర్లే. పైగా అవి నిండు ఇనుప రేకులు, గాలి దారి చేసుకుని పోవడానికి సందు లేదు. డెక్, అంటే వంతెన మీది రోడ్డు భాగం, మెలికలు తిరగడం మొదలైంది, ఆ మెలికే గాలి నుంచి మరింత శక్తి లాక్కుంటూ పెద్దదైంది. ఇక్కడ ఆపి పిల్లల్ని అడగండి, "మీరైతే రెండోసారి ఏం మార్చేవాళ్ళు?" లోతు పెంచుతాం అంటారు, స్కేలు నిలబెట్టి చూపిస్తారు, త్రికోణాలంటారు. అప్పుడు చెప్పండి: 1950లో అదే చోట తెరిచిన కొత్త వంతెనకి 10 మీటర్ల లోతున్న, గాలి దూరిపోయే త్రికోణాల అల్లిక పెట్టారు. అది ఇప్పటికీ వాడుకలో ఉంది. కూలినప్పుడు ఎవరైనా చనిపోయారా అని తప్పకుండా అడుగుతారు. మనుషులెవరూ పోలేదు, కారులో చిక్కుకున్న ఒక కుక్క పోయింది. అదీ దాచకుండా చెప్పండి.

ఇంకో కథకి టైమ్ ఉంటే ఎమిలీ రోబ్లింగ్ గురించి చెప్పొచ్చు. న్యూయార్క్‌లో బ్రూక్లిన్ వంతెన కడుతుండగా ఛీఫ్ ఇంజనీరైన ఆమె భర్త జబ్బుపడి సైట్‌కి రాలేకపోతే, ఆమే లెక్కలూ పదార్థాల సంగతులూ నేర్చుకుని ఏళ్ళ తరబడి పనివాళ్ళకీ ఆయనకీ మధ్య నిలబడి పని నడిపించింది, 1883లో వంతెన పూర్తయింది. కరెంటు పని చేయించినవాళ్ళైతే మన దేశపు తొలి మహిళా ఇంజనీర్లలో ఒకరైన ఎ. లలిత గురించి చెప్పండి, 1940లలో మద్రాసులోని గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివి, తర్వాత భాక్రా నంగల్ డ్యామ్ కరెంటు లైన్ల పనిలో పాలుపంచుకున్నారు. ఏ కథైనా పిల్లలు ఆ రోజు చేసిన పనికి అతకాలి, లేకపోతే అది కూడా ఇంకో పాఠమే అవుతుంది.

ప్రశ్నలొస్తాయి, సిద్ధంగా ఉండండి

"నాకు లెక్కలు రావు, నేను ఇంజనీరు కాగలనా?" అన్నది దాదాపు ప్రతిసారీ వస్తుంది. లెక్కలు అక్కర్లేదని అబద్ధం చెప్పకండి, పిల్లలు ఇట్టే పసిగడతారు. లెక్కలు కావాలి, కానీ ఈరోజు నువ్వు నీ వంతెన ఎన్ని రెట్లు మోసిందో కట్టిన లెక్క కూడా లెక్కే, కావాల్సినప్పుడు కావాల్సినంత నేర్చుకోవచ్చు అని చెప్పండి. జీతం ఎంత అంటే మొహమాటం లేకుండా చెప్పండి. మీ పనిలో బోర్ కొట్టేది ఏంటని అడిగితే అదీ చెప్పండి. జవాబు తెలియని ప్రశ్న వస్తే ఆ పిల్లనే పిలిచి ఎలా కనుక్కోవచ్చో కలిసి ఆలోచించండి.

వెళ్ళొచ్చాక

ఒక్క సెషన్‌తో జీవితాలు మారిపోవని ముందే ఒప్పుకుందాం. లండన్ కింగ్స్ కాలేజీ వాళ్ళు 10 నుంచి 14 ఏళ్ళ పిల్లల మీద చేసిన ఆస్పైర్స్ అధ్యయనంలో ఎక్కువమంది సైన్స్ బాగుంటుందనే అన్నారు, శాస్త్రవేత్త కావాలనుకున్నవాళ్ళు మాత్రం సుమారు 15 శాతమే. ఇష్టం లేక కాదు, అది తమలాంటివాళ్ళ కోసం కాదనుకోవడం వల్ల. ఇంట్లో, చుట్టుపక్కల అలాంటి పని చేసేవాళ్ళెవరూ తెలియకపోతే ఆ ఊహే రాదు. అందుకని ఇంటిని కూడా కలుపుకోండి. ప్రతి పిల్లకీ ఒక ఖాళీ ఏ4 కాగితం, ఒక చీటీ ఇచ్చి పంపండి. చీటీలో నియమాలు, ఆ రోజు క్లాసులో వచ్చిన అత్యధిక అంకె, కింద ఒకే వాక్యం: "ఇంట్లో ఒక పెద్దవాళ్ళతో కలిసి దీన్ని దాటి చూడు." కొలిచిన అంకెలు వారంలోగా టీచర్ దగ్గర గోడ మీద రాయాలి.

ఆ అంకెలు టీచర్ నుంచి తెప్పించుకుని, పిల్లలు పేరు పేరునా ఏం మార్చారో చదివి, నాలుగు వాక్యాల జవాబు రాసి పంపండి. నెల రెండు నెలల్లో మళ్ళీ రాగలిగితే తేదీ ఆ జవాబులోనే రాయండి, రాలేకపోతే వస్తానని రాయకండి. మిగిలిన టేపు, వాషర్లు, స్కేళ్ళు ఒక డబ్బాలో పెట్టి, నిమిషాల వారీ ప్లాన్ ఒక పేజీలో రాసి టీచర్‌కే ఇచ్చేయండి, వచ్చే ఏడాది పిల్లలతో మీరు లేకుండానే ఆవిడ ఈ సెషన్ నడుపుకోగలరు.